గడ్డ పేరొక్కటే చాలదు, సిగ్నల్ ఎక్కడ చెడిందో కూడా కావాలి

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య కళాశాలల్లోని సర్జరీ, పాథాలజీ, జనరల్ మెడిసిన్ విభాగాధిపతులకు, లింఫోమా కణాల మీద పరిశోధన చేయిస్తున్న గైడ్లకు

అయ్యా, అమ్మా,

“నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా, బీ సెల్” అని, అంటే బీ రకం తెల్లకణాల క్యాన్సర్ అని, ఒకే వాక్యంతో ముగిసే బయాప్సీ రిపోర్టులు ఇంకా వస్తూనే ఉన్నాయి. అందరికీ చాప్ అనే నాలుగు మందుల కీమో ఒక్కటే దిక్కైన రోజుల్లో ఆ వాక్యంతో పని జరిగిపోయేది. ఆ తర్వాత వచ్చిన మందుల్లో చాలావాటికి ఆధారం కణం పైపొర మీద బయటి కబురు అందుకునే ప్రోటీన్, అంటే రిసెప్టర్, లేదా దాని నుంచి లోపలికి దిగే సంకేతం. ఆ రిసెప్టర్ ఉందా? సంకేతం నడుస్తోందా? నడుస్తుంటే ఏ మెట్టు దగ్గర చెడింది? ఈ మూడింటికీ జవాబు లేకుండా మందు ఎంచుకోవడం చీకట్లో రాయి విసరడమే. పరీక్షకు డబ్బు లేక ఆ జవాబు దొరకని సందర్భాలు ఉన్నాయి, కాదనం. కానీ థియేటర్‌లో సీసా చిన్నదై, ఫార్మలిన్ చాలక, ముక్క లోపల పాడైపోయి దొరకనివీ తక్కువేం కాదు. వాటిని ఆపడం మన చేతుల్లో ఉంది.

ముందు ఆ రిసెప్టర్ చేసే పని చూద్దాం. బీ కణం పైపొరలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీ) నాటుకుని ఉంటుంది. బయట ఎంత పెద్దదైనా లోపలి వైపు దాని తోక బాగా పొట్టి, కబురు మోయలేదు. ఆ పని పక్కన జంటగా ఉండే సీడీ79ఎ, సీడీ79బి చేస్తాయి. లిన్ అనే కైనేజ్ (ఫాస్ఫేట్ అతికించే ఎంజైమ్) ఈ రెండింటి తోకల్లోని టైరోసిన్‌ల మీద ఫాస్ఫేట్ అతికిస్తుంది. అక్కడికి ఎస్‌వైకే అనే ఇంకో కైనేజ్ వచ్చి కూర్చుంటుంది. అది బీటీకే అనే కైనేజ్‌ని లేపుతుంది, బీటీకే ఫాస్ఫోలైపేజ్ సీ గామా 2ని లేపుతుంది. కణంలో కాల్షియం పెరుగుతుంది, ప్రోటీన్ కైనేజ్ సీ బీటా కదులుతుంది, కార్డ్11, బీసీఎల్10, మాల్ట్1 అనే ప్రోటీన్లు మూడూ కలిసి ఒక గుంపు కడతాయి. చివరికి ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్ళి, కణం చావకుండా కాచే జన్యువులను, విభజన నడిపే జన్యువులను తెరుస్తుంది. ఇదే వేళ సీడీ19 మీదుగా పీఐ3 కైనేజ్ డెల్టా, ఏకేటీ అనే ఇంకో పాయ పారుతుంటుంది.

ఇది శత్రువు కనిపించినప్పుడే మోగే గంట అనుకుంటే పొరపాటు. ఎలుకల్లో పెరిగి పెద్దయిన బీ కణాల నుంచి ఈ రిసెప్టర్‌ను తీసేస్తే అవి బతకలేవని రాజెవ్‌స్కీ బృందం 1997లో చూపింది. అదే బృందం 2009లో ఇంకో మాట తేల్చింది: రిసెప్టర్ పోయినా పీఐ3 కైనేజ్ పాయను బలవంతంగా పారిస్తే కణం బతుకుతుంది. అంటే గంట మోగకపోయినా సన్నగా ఒక ధార ఎప్పుడూ ఉండాలి. దీన్ని టానిక్ సిగ్నల్ అంటాం. బర్కిట్ లింఫోమా ప్రధానంగా దీని మీదే బతుకుతుంది. డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమాలో రెండు ప్రధాన రకాలున్నాయి, జెర్మినల్ సెంటర్, యాక్టివేటెడ్; యాక్టివేటెడ్ రకం తీరు వేరు. అక్కడ రిసెప్టర్లు పైపొర మీద గుంపులు కట్టి, ఎన్‌ఎఫ్ కప్పా బి వైపు నిరంతరం సంకేతం పంపుతుంటాయి. 2010లో స్టౌట్ బృందం దీనికి దీర్ఘకాలిక క్రియాశీల సిగ్నల్ అని పేరు పెట్టింది. ఈ రకం గడ్డల్లో సుమారు ఐదో వంతుకు సీడీ79 జంటలో మార్పు కనిపించింది, ఎక్కువగా సీడీ79బి తోకలోని మొదటి టైరోసిన్ దగ్గర. ఆ మార్పు వల్ల రిసెప్టర్ పైపొర మీద ఎక్కువగా నిలుస్తుంది, సిగ్నల్ మొదలుపెట్టే లిన్‌యే దానికి వేసే కళ్ళెం కూడా సడలుతుంది.

కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు: పై తూము మూసినా, దిగువన గండి పడి ఉంటే చేలోకి నీళ్ళు వస్తూనే ఉంటాయి. బీటీకే పై తూము. ఇబ్రూటినిబ్, అకాలాబ్రూటినిబ్, జానుబ్రూటినిబ్ అనే మందులు మూసేది దాన్నే. కార్డ్11లో మార్పు వచ్చిందంటే గండి తూముకు దిగువన పడినట్టు. ఆ రోగికి బీటీకే మందు ఎంత ఇచ్చినా ఎన్‌ఎఫ్ కప్పా బి ఆగదు. యాక్టివేటెడ్ రకంలో సుమారు పదో వంతుకు ఈ మార్పు ఉంటుంది. 2015లో అచ్చయిన ఇబ్రూటినిబ్ పరీక్షలో యాక్టివేటెడ్ రకం రోగుల్లో 37 శాతానికి గడ్డ తగ్గింది, జెర్మినల్ సెంటర్ రకంలో 5 శాతానికే. సూక్ష్మదర్శిని కింద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ 37 శాతంలోనూ సీడీ79బిలోనూ, ఎన్‌ఎఫ్ కప్పా బి వైపు వేరే దారిలో సంకేతం పంపే ఎంవైడీ88లోనూ మార్పులు ఉన్నవాళ్ళు ఐదుగురిలో నలుగురు స్పందించారు. ఐదుగురి లెక్క చిన్నదే గాని, అది చూపిన దారి ఆ తర్వాతి వర్గీకరణలకు పనికొచ్చింది.

ఇక సర్జరీ విభాగం వారికి. మెడలో బిళ్ళ కనిపించగానే సూది పరీక్ష చేసి, ఏమీ తేలకపోతే టీబీ మందులు మొదలుపెట్టి రెండు నెలలు చూసే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. సూదితో వచ్చేది విడి కణాలు. గ్రంథి నిర్మాణం అందులో కనిపించదు, ప్రోటీన్లను రంగుతో చూపే పదిహేను స్టెయిన్లకు సరుకూ చాలదు. అందేచోట ఉంటే గ్రంథిని మొత్తంగా తీయండి. లోతుగా ఉంటే లావు సూదితో నాలుగైదు కోర్లు తీయండి. గజ్జల్లోదాని కన్నా మెడలోదో చంకలోదో మేలు, గజ్జల్లోవి పాత ఇన్ఫెక్షన్లతో మచ్చబడి ఉంటాయి. పెట్ స్కాన్ ఉంటే ఎక్కువ వెలిగిన గ్రంథిని ఎంచుకోండి. ఊపిరి అందకపోవడం, వెన్నుపాము నొక్కుకుపోవడం లాంటి అత్యవసరం లేనంతవరకు బయాప్సీకి ముందు స్టెరాయిడ్ వద్దు. డెక్సామెథసోన్ పడ్డాక లింఫోమా కణాలు చచ్చి, ముక్కలో చెత్త మాత్రమే మిగలొచ్చు. మెదడు లింఫోమాలో ఇది మరీ దారుణం. వాపు తగ్గుతుందని నాలుగు రోజులు ఇస్తారు, స్కాన్‌లో గడ్డ మాయమవుతుంది, బయాప్సీలో ఏమీ రాదు, నెల తిరిగేసరికి మళ్ళీ వస్తుంది. విచారమేమిటంటే ఎంవైడీ88, సీడీ79బి మార్పులు ఎక్కువగా ఉండేదీ ఈ మెదడు లింఫోమాలోనే, వృషణాల్లోనూ.

తీసిన గ్రంథిని ఉన్నపళంగా ఫార్మలిన్‌లో పడేయకండి. తడి గాజుగుడ్డలో చుట్టి అరగంటలో పాథాలజీకి పంపితే, అక్కడ దాన్ని అడ్డంగా కోసి, ఒక చిన్న ముక్కను కణాలను బతికించే ఆర్‌పీఎంఐ ద్రవంలో ఫ్లో సైటోమెట్రీకి (కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే పరీక్షకు) పక్కన పెట్టి, మిగతాది 3 మిల్లీమీటర్ల మందాన ముక్కలు చేసి 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేస్తారు. టీబీ అనుమానం ఉంటే కల్చర్‌కు ఇంకో ముక్క, అది సెలైన్‌లో. ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. కోయకుండా వేస్తే గ్రంథి పైతొడుగు దాటి ఫార్మలిన్ లోపలికి నెమ్మదిగా ఇంకుతుంది. అంచులు గట్టిపడతాయి, నడుమ భాగం కుళ్ళుతుంది, స్టెయిన్లు అంచున వెలిగి మధ్యలో చచ్చిపోతాయి. ఆ స్లైడ్ మీద ఎంత శాతం కణాలకు ఎంయూఎం1 అనే గుర్తు ప్రోటీన్ ఉందో ఎవరు లెక్కపెట్టగలరు? ఒక రోజు నానితే చాలు. శనివారం వేసి మంగళవారం తీస్తే ప్రోటీన్లు బిగుసుకుపోయి, డీఎన్ఏ ముక్కలై, పీసీఆర్ విఫలమవుతుంది. రంగూ వాసనా చూసి ఫార్మలిన్ మంచిదే అనుకోవద్దు, పీహెచ్ 7 దగ్గర ఉందో లేదో చూడాలి. ఎముక మజ్జ ముక్కను మెత్తపరచడానికి గాఢ ఆమ్లం వాడితే డీఎన్ఏ పోతుంది. ఈడీటీఏతో ఆలస్యమవుతుంది గాని పరీక్ష దక్కుతుంది.

పాథాలజీ విభాగం నుంచి మేం అడిగేది పొడవైన రిపోర్టు కాదు. లార్జ్ బీ సెల్ అన్నప్పుడు సీడీ10, బీసీఎల్6, ఎంయూఎం1 స్టెయిన్లు మూడూ వేయండి, ఒక్కోటి ఎంత శాతం కణాల్లో ఉందో అంకె రాయండి. 2004 నాటి హాన్స్ పద్ధతిలో గీత 30 శాతం. సీడీ10 ఆ గీత దాటితే జెర్మినల్ సెంటర్ రకం. దాటకపోతే బీసీఎల్6 చూడాలి. అదీ లేకపోతే నాన్ జెర్మినల్ (యాక్టివేటెడ్ రకం ఎక్కువగా ఇందులోకే వస్తుంది). బీసీఎల్6 ఉంటే తీర్పు ఎంయూఎం1 చేతిలో: అది ఉంటే నాన్ జెర్మినల్, లేకపోతే జెర్మినల్. జన్యు వ్యక్తీకరణ పరీక్షతో ఇది అన్నిసార్లూ ఏకీభవించదు, సుమారు ఐదింట ఒకటి తప్పుతుంది. కాబట్టి “నాన్ జెర్మినల్” అని కనిపించగానే బీటీకే మందు రాసేయడం కూడా తప్పే. అదీగాక, చాప్‌కు సీడీ20ని పట్టుకునే రిటుక్సిమాబ్ చేర్చిన ఆర్‌చాప్‌కు ఇబ్రూటినిబ్ కలిపిన ఫీనిక్స్ పరీక్షలో మొత్తం మీద లాభం కనిపించలేదు. 60 ఏళ్ళ లోపు వారిలో కొంత మేలు కనిపించింది, పైవారిలో విషప్రభావాలు పెరిగి కీమోయే సరిగా పూర్తి కాలేదు. ఎంవైడీ88 ఎల్265పి మార్పు చూడటానికి అల్లీల్ స్పెసిఫిక్ పీసీఆర్ చాలు, దానికి పెద్ద సీక్వెన్సింగ్ యంత్రం అక్కర్లేదు, ముక్కను మైనంలో బిగించిన బ్లాక్ నుంచే చేయొచ్చు. వాల్డెన్‌స్ట్రామ్ వ్యాధి అనే నెమ్మది రకం లింఫోమాలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఇది ఉంటుంది. అక్కడ సీఎక్స్‌సీఆర్4 రిసెప్టర్ తోకలో కూడా మార్పు ఉంటే ఇబ్రూటినిబ్ నిదానంగా పనిచేస్తుంది. ఇదీ పైపొర రిసెప్టర్ కథే, తోక తెగిన రిసెప్టర్ లోపలికి వెళ్ళకుండా పైనే నిలిచి సంకేతం ఇస్తూ ఉంటుంది.

ఒక మోజు గురించి కూడా చెప్పాలి. ఫాస్ఫో ఎస్‌వైకే, ఫాస్ఫో బీటీకే స్టెయిన్లు వేసి “సిగ్నల్ ఆన్” అని రాద్దామని కొందరికి ఉత్సాహం. రక్తప్రసారం ఆగిన నిమిషాల్లోనే ఫాస్ఫేట్లు ఊడిపోవడం మొదలవుతుంది. థియేటర్‌లో గంట కూర్చున్న ముక్కలో అవి లేకపోతే గడ్డలో లేవనుకోవడానికి వీల్లేదు. రోజువారీ రిపోర్టులో అది వద్దు.

ఫ్లో సైటోమెట్రీలో మాటిమాటికీ జరిగే తప్పులు రెండు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌లోని రెండు రకాల లైట్ చైన్లయిన కప్పా, లాంబ్డాలను పైపొర మీద చూసేటప్పుడు కణాలను గోరువెచ్చని బఫర్‌తో రెండు మూడుసార్లు కడిగాకే యాంటీబాడీ వేయాలి. రక్తపు సీరంలో తేలే ఇమ్యునోగ్లోబ్యులిన్ మనం వేసిన యాంటీబాడీని ముందే మింగేస్తుంది. కడగకపోతే “లైట్ చైన్ లేదు” అని తప్పుడు ఫలితం వస్తుంది, లేదా అన్ని కణాలూ రెండింటికీ వెలుగుతాయి. రెండోది, రిటుక్సిమాబ్ తీసుకున్న రోగిలో సీడీ20. మందే ఆ చోటును కప్పేసి ఉంటుంది, ఫ్లోలో సీడీ20 కనిపించదు. సీడీ19 ఉన్న కణాలను ఎంచుకుని (గేటు పెట్టి) చూడాలి. మైనపు ముక్క మీద వాడే ఎల్26 యాంటీబాడీ సీడీ20 లోపలి వైపు భాగాన్ని పట్టుకుంటుంది కాబట్టి అక్కడ ఈ ముసుగు అడ్డురాదు. ఎల్26తోనూ లేదంటే నిజంగా పోయినట్టే. అందుకే జబ్బు తిరగబెట్టినప్పుడు పాత స్లైడ్ చూసి మళ్ళీ రిటుక్సిమాబ్ రాయొద్దు, మళ్ళీ ముక్క తీయండి. సీడీ19కీ ఇదే వర్తిస్తుంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన, సీడీ19ని గురిపెట్టే కార్ టీ చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. సీడీ19 లేని కణం మీద ఆ చికిత్సకు గురి ఉండదు. సీడీ79బి ఇప్పుడు మందు చేరే చిరునామా కూడా అయింది. పోలాటుజుమాబ్ వెడోటిన్ దాన్ని పట్టుకుని కణంలోకి విషం మోసుకెళ్తుంది. 2022లో వచ్చిన పోలారిక్స్ పరీక్షలో ఆ మందు కలిపిన చికిత్సతో రెండేళ్ళకు జబ్బు ముదరకుండా ఉన్నవారు 76.7 శాతం, మామూలు ఆర్‌చాప్‌తో 70.2 శాతం.

జనరల్ మెడిసిన్ వారికి, ఎందుకంటే ఈ మందులు వేసుకునే రోగి జ్వరమొచ్చినా, ఆయాసమొచ్చినా ముందు వచ్చేది మీ దగ్గరికే. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియాలో బీటీకే మందు మొదలైన కొద్ది వారాల్లో తెల్లకణాల లెక్క ఒక్కసారిగా పెరగవచ్చు. 40 వేలు ఉన్నది లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. జబ్బు ముదిరిందని మందు ఆపకండి. గ్రంథిలో కణాలను పట్టి ఉంచేది సీఎక్స్‌సీఆర్4, ఇంటెగ్రిన్ల పట్టు. ఆ పట్టుకు బీటీకే సంకేతం కావాలి. అది ఆగేసరికి కణాలు గ్రంథి వదిలి రక్తంలోకి వస్తాయి. అందుకే లెక్క పెరుగుతూ, బిళ్ళలు కరుగుతూ ఉంటాయి. చేత్తో తడిమి చూస్తే తెలిసిపోతుంది. దీనికి విరుద్ధంగా, మాంటిల్ సెల్ లింఫోమాలో మందు హఠాత్తుగా ఆపితే రోజుల్లోనే గడ్డలు మళ్ళీ ఉబ్బే ప్రమాదం ఉంది.

ప్లేట్‌లెట్లు కొల్లాజెన్‌ను గుర్తించే రిసెప్టర్ దిగువనా బీటీకేయే ఉంది, అందుకే రక్తస్రావం. పన్ను పీకాలన్నా, కంటిపొర ఆపరేషన్ అన్నా ముందూ వెనకా 3 నుంచి 7 రోజులు మందు ఆపే విషయం హెమటాలజిస్టుతో మాట్లాడి తేల్చుకోండి. వార్ఫరిన్‌తో కలపకండి. నాడి క్రమం తప్పితే ఈసీజీ తీయండి, ఇబ్రూటినిబ్‌తో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎక్కువ. మన దగ్గర అన్నిటికన్నా పెద్ద చిక్కు టీబీకి వాడే రిఫాంపిసిన్. అది కాలేయంలో మందులను విరగ్గొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ను రెచ్చగొట్టి ఇబ్రూటినిబ్ మోతాదును శరీరంలో పదో వంతు కన్నా కిందికి దించుతుంది. రోగి రోజూ మాత్ర వేసుకుంటూనే ఉంటాడు, మందు లేనట్టే ఉంటుంది. ఇటు ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్ లాంటివి దాన్నే ఇరవై రెట్లకు పైగా పెంచుతాయి. క్లారిత్రోమైసిన్ కూడా ఆ కోవలోదే. టీబీ మందు మొదలుపెట్టే ముందు చీటీలో ఇబ్రూటినిబ్ ఉందేమో ఒక్కసారి చూడండి.

రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్ బి సర్ఫేస్ యాంటిజెన్ ఒక్కటే చేసి వదిలేయొద్దు, యాంటీ కోర్ టోటల్ యాంటీబాడీ కూడా చేయాలి. సర్ఫేస్ నెగెటివ్, కోర్ పాజిటివ్ ఉన్నవారిలో నిద్రపోతున్న వైరస్ లేచి కాలేయం పూర్తిగా చెడి చనిపోయే ప్రమాదం నిజమైనది. ఎంటెకవిర్ లాంటిది ముందే మొదలుపెట్టి, చివరి డోసు తర్వాత కనీసం ఏడాది కొనసాగించాలి.

రిసెప్టర్ సంగతి ఎంత నిజమో కళ్ళారా చూడాలంటే కడుపులో వచ్చే మాల్ట్ లింఫోమా చాలు. అక్కడ గంట మోగించేది హెలికోబాక్టర్ పైలోరీ. దాన్ని యాంటీబయాటిక్‌తో తీసేస్తే తొలిదశ గడ్డలు నాలుగింట సుమారు మూడు కీమో లేకుండానే కరుగుతాయి. 1993లో లండన్‌లో వోదర్‌స్పూన్, ఐజాక్సన్ బృందం చూపిన సంగతి ఇది. టీ 11;18 మార్పు (11, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారవడం) ఉన్నవి మాత్రం సాధారణంగా కరగవు, అక్కడ మాల్ట్1 తనంతట తానే తెరుచుకుంది; మళ్ళీ తూము దిగువ గండి. హెపటైటిస్ సి ఉన్నవారి ప్లీహపు లింఫోమా వైరస్ మందులతోనే తగ్గిన సంగతి 2002లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఎండోస్కోపీకి రెండు వారాల ముందు గ్యాస్ మాత్రలు ఆపించండి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో కనిపించదు. మెట్రోనిడజోల్‌కు లొంగని రకాలు మన దగ్గర ఎక్కువ కాబట్టి కోర్సు అయిపోయిన నాలుగు వారాలకు పోయిందో లేదో మళ్ళీ చూడాలి. బ్యాక్టీరియా పోయాక గడ్డ కరగడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. మూడో నెల ఎండోస్కోపీలో ఇంకా ఉందని కీమో మొదలుపెట్టడం తొందరపాటు.

గైడ్లకు నాలుగు మాటలు. కణాల్లో రిసెప్టర్‌ను ప్రేరేపించడానికి ఐజీఎం రకం రిసెప్టర్‌ను పట్టుకునే యాంటీ ఐజీఎం పూర్తి యాంటీబాడీ వాడకండి. దాని ఎఫ్‌సీ భాగం ఎఫ్‌సీ గామా 2బి రిసెప్టర్‌ను కూడా లాగి, సంకేతానికి తనే బ్రేకు వేస్తుంది. ఎఫ్‌సీ లేని ఎఫ్ఏబీ2 ముక్కలు మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు వేసి, 5 నిమిషాలకే ఫిక్స్ చేయాలి. అరగంటయ్యాక చూసి సిగ్నల్ లేదనడం సరికాదు. పైపొర మీద ఐజీజీ ఉన్న ఎస్‌యూడీహెచ్ఎల్4 లాంటి, ల్యాబ్‌లో పెంచే కణాల లైన్‌కు యాంటీ ఐజీఎం వేస్తే ఏమీ రాదు, వచ్చే అవకాశమే లేదు. ఇబ్రూటినిబ్ పరీక్షలో టీఎండీ8, హెచ్‌బీఎల్1 లైన్లు చచ్చేవిగా, కార్డ్11 మార్పున్న ఓసీఐ ఎల్‌వై3 చావనిదిగా పక్కపక్కన పెట్టండి. రోగి రక్తంలో సాధారణంగా అర మైక్రోమోలార్ కూడా చేరని మందును 10 మైక్రోమోలార్ వేసి కణాలు చచ్చాయని థీసిస్ రాస్తే, అక్కడ చంపింది బీటీకే ఆగడమో ఇంకో పది కైనేజ్‌లు ఆగడమో ఎవరికీ తెలియదు. ఏటీపీ కొలిచే పరీక్ష ఎదుగుదల ఆగినదానికీ చావుకూ తేడా చెప్పదు. చావును చూపే అనెక్సిన్ V పరీక్ష కూడా చేయించండి. ఇవన్నీ చేసేముందు మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష. అది పట్టిన ఫ్లాస్కులో ఎన్‌ఎఫ్ కప్పా బి దానంతటదే లేచి కూర్చుంటుంది.

చివరగా బ్లాక్‌ల విషయం. రోగి వేరే ఊరి ఆసుపత్రికి వెళ్తానంటే రెండు స్లైడ్లు ఇచ్చి పంపేస్తున్నారు. రంగు వేసిన స్లైడ్ మీద కొత్త స్టెయిన్ వేయలేం, పీసీఆర్‌కూ అది సుఖం కాదు. బ్లాక్ ఇవ్వండి, లేదా రంగు వేయని, పూత పూసిన స్లైడ్లు పదిహేను కోసి ఇవ్వండి. దాంతోపాటు ఫార్మలిన్‌లో ఎప్పుడు వేశారో, ఎప్పుడు తీశారో, స్టెరాయిడ్ ఏమైనా పడిందో ఒక చీటీ. బ్లాక్ ఇస్తే రిజిస్టర్‌లో సంతకం తీసుకుని, తిరిగి తెచ్చే తేదీ వేసి ఇవ్వండి.

ఇట్లు,
లింఫోమా నిర్ధారణ, చికిత్స, ప్రయోగశాల పనుల్లో ఉన్న కొందరం